కొత్త ల్యాప్‌టాప్‌లో పాటల ఫోల్డర్లు కనిపించట్లేదు, సాయం చేయండి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పాత విండోస్ 7 కంప్యూటర్ పాడైతే కొత్తగా విండోస్ 11 ల్యాప్‌టాప్ తీసుకున్నాం. పాటలన్నీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. తీరా పెట్టి చూస్తే ఫోల్డర్లు లేవు, వాటి పేర్లతో షార్ట్‌కట్లు ఉన్నాయి. మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. షాపులో అడిగితే ఫార్మాట్ చేయాలన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఫార్మాట్ మాత్రం చేయించకండి, మీకు దండం పెడతాను. ఆ షార్ట్‌కట్లను క్లిక్ చేయకండి. డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో యూజ్డ్ స్పేస్ ఎంతుందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
41 జీబీ అని ఉందండీ. వ్యూలో షో, అందులో హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెట్టాను. అయినా రాలేదు.

జవాబు:
హమ్మయ్య, అయితే పాటలు ఎక్కడికీ పోలేదు. ఇది షార్ట్‌కట్ వైరస్ పనిలా ఉంది. అది ఫోల్డర్‌కి హిడెన్‌తో పాటు సిస్టమ్ అనే గుర్తు కూడా తగిలిస్తుంది. సిస్టమ్ గుర్తున్న వాటిని విండోస్ తన సొంత ఫైళ్లనుకుని దాచేస్తుంది, అందుకే మీరు టిక్ పెట్టినా రాలేదు.

ముందు డిస్క్‌ని డిఫెండర్‌తో, అంటే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. వైరస్ ఉండగా ఫోల్డర్లు బయటికి తీస్తే మళ్లీ దాచేస్తుంది.

తర్వాత స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. మొదట ఆట్రిబ్, ఇంగ్లిష్‌లో ఏ, టీ, టీ, ఆర్, ఐ, బీ. ఖాళీ వదిలి మైనస్ ఎస్, మళ్లీ ఖాళీ వదిలి మైనస్ హెచ్. ఆ తర్వాత కంప్యూటర్ మీ హార్డ్ డిస్క్‌కి ఇచ్చిన డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్. ఈ నాలుగూ కలిపే కొట్టాలి. చివర్లో స్లాష్ ఎస్, స్లాష్ డీ, ఒక్కోదాని ముందు ఖాళీ ఉండాలి. ఎంటర్ నొక్కి ఆగండి. మైనస్ ఎస్ వదిలేస్తే పని జరగదు, సిస్టమ్ ఫైల్‌ని మార్చనని మొండికేస్తుంది. డ్రైవ్ అక్షరం రెండుసార్లు చూసుకోండి. సీ డ్రైవ్ మీద మాత్రం ఇది వాడకూడదు.

మరొకరు:
ఫోల్డర్లు వచ్చాక పేరు లేనిది ఏదైనా ఉందేమో చూడండి. కొన్ని రకాల వైరస్‌లు అన్నీ తీసుకెళ్లి అలాంటి ఫోల్డర్‌లో పడేస్తాయి. మా పెన్ డ్రైవ్‌లో అలాగే జరిగింది.

ప్రశ్న అడిగినవారు:
వచ్చేశాయండీ! మీరన్నట్టే పేరు లేని ఫోల్డర్‌లో ఉన్నాయి. హారతులన్నీ మోగుతున్నాయి. ఇద్దరికీ చాలా థాంక్స్. షార్ట్‌కట్లు తీసేయొచ్చా?

జవాబు:
తీసేయండి. కానీ ముందు అమ్మమ్మగారి పాటలు ల్యాప్‌టాప్‌లోకి ఒకసారి, వేరే పెన్ డ్రైవ్‌లోకి ఒకసారి కాపీ చేసుకోండి. ఈ పని రేపటికి పెట్టుకోకండి.