మా వాడు వీడియో గేమ్‌కి గైడ్ పుస్తకం అడుగుతున్నాడు, మూడు వేలు పెట్టొచ్చా?

హన్మకొండ_అమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. నాకు వీడియో గేముల గురించి పెద్దగా తెలియదు. మా అబ్బాయి ఏడో తరగతి. పోయిన సంక్రాంతికి మా తమ్ముడు డాలస్ నుంచి వస్తూ వాడికి నింటెండో స్విచ్ అనే గేమ్ ఆడే పరికరం, దాంతోపాటు జెల్డా ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ అనే గేమ్ తెచ్చాడు. హోంవర్క్ అయ్యాక రోజుకి గంట ఆడతాడు. నేను కూడా పక్కన కూర్చుని చూస్తుంటాను. చెక్కలు, చక్రాలు అతికించి ఏదో బండి చేస్తాడు, అది లోయలో పడిపోతుంది, మళ్లీ ఇంకోలా చేస్తాడు. వాడు అలా ఆలోచిస్తుంటే చూడటం నాకు ఇష్టం.

ఇప్పుడు ఆ గేమ్‌కి గైడ్ పుస్తకం ఉందట, కొనమంటున్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే మూడు వేలకు పైనే చూపిస్తోంది. ఫోన్‌లో వీడియోలు చూడరా అంటే, పుస్తకమే కావాలంటాడు.

డబ్బు సంగతి ఒకటి. అంతకన్నా పెద్ద అనుమానం ఇంకొకటి ఉంది. మాకు గైడ్ అంటే పరీక్షల గైడే. తొమ్మిదో తరగతిలో నేను లెక్కలన్నీ గైడ్ చూసి ఎక్కించేసేదాన్ని. పరీక్షలో అంకెలు కాస్త మార్చి ఇచ్చేసరికి ఒక్క లెక్కా రాలేదు. ఆ భయం నాకు ఇంకా గుర్తుంది. వీడు కూడా గైడ్ చూసి ఆడటం మొదలుపెడితే ఆ బండి చేయడం, పడిపోవడం, మళ్లీ చేయడం ఏమైపోతుంది? ఇలాంటి పుస్తకాలు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

చార్మినార్_కంట్రోలర్:

వద్దు అక్కా. అందులో ఉన్నదంతా నెట్‌లో ఫ్రీగా ఉంది. ఆ గేమ్‌కి పూర్తి మ్యాపు వెబ్‌సైట్లలో దొరుకుతుంది, ఏది దొరికిందో క్లిక్ చేసి టిక్ పెట్టుకోవచ్చు. తప్పుంటే సరిదిద్దుతారు. పుస్తకంలో ఒకసారి తప్పు అచ్చయితే అంతే, అలాగే ఉండిపోతుంది. ఈ గైడ్‌లు వేసే కంపెనీల్లో అన్నిటికన్నా పెద్దది ప్రిమా. 1990 నుంచి నడిచింది. 2015లో బ్రేడీగేమ్స్ అనే ఇంకో గైడ్‌ల కంపెనీని కూడా కలిపేసుకుంది. అలాంటి కంపెనీయే 2018 నవంబర్‌లో పుస్తకాలు ఆపేస్తున్నామని ప్రకటించింది. కొనేవాళ్లు ఉంటే ఎందుకు ఆపుతారు? ఆ మూడు వేలు పెట్టి వాడికి ఇంకో గేమ్ కొనివ్వండి.

బెజవాడ_మ్యాపులు:

అమ్మా, మీ లెక్కల గైడ్ మాటే ఇందులో అసలు ప్రశ్న. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను సర్వే పనిలో ఉన్నాను, పొద్దున లేస్తే మ్యాపులే. ఆ ఇష్టం నాకు ఒక గేమ్ గైడ్ వల్లే వచ్చింది. 2005లో విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు మా వీధి చివర నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలు. అక్కడ జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లం. గేమ్‌ఫాక్స్ అనే సైట్ 1995 నుంచీ ఉంది. ఆడినవాళ్లే ఉచితంగా రాసిన గైడ్‌లు అందులో ఉండేవి. బొమ్మలుండవు, అంతా అక్షరాలే. మ్యాపులు కూడా గీతలు, చుక్కలు టైపు చేసి వేసేవారు. ప్రింట్ తీస్తే పేజీకి రెండు రూపాయలు, అందుకని కావలసినంత లాంగ్ నోట్‌బుక్‌లో చేత్తో రాసుకునేవాణ్ణి.

ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఆ గేమ్‌కి బ్రేడీగేమ్స్ వేసిన గైడ్ కనబడింది. 180 చెప్పాడు, 120కి ఇచ్చాడు. ఆ గేమ్‌లో నీళ్ల అడుగున 50 ఆయిస్టర్లు, అంటే ముత్యపు చిప్పలు, దాచి ఉంటాయి. అవి ఎక్కడున్నాయో గేమ్‌లోని మ్యాపు చూపించదు. వంతెనల కింద, రేవుల దగ్గర, నది మలుపుల్లో ఒక్కొక్కటి. నాకు దొరికిన పుస్తకంలో నాకంటే ముందున్నవాళ్లెవరో ఆయిస్టర్ల పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకున్నారు. 37 దాకా ఉన్నాయి, తర్వాత లేవు. నేను పెన్‌తో మొదటి నుంచి మొదలుపెట్టి 50 పూర్తి చేశాను. ఆ 37 దగ్గర ఆపిన మనిషి ఎవరో, ఎందుకు ఆపేశారో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ పుస్తకంలో మిషన్లు, అంటే ఆటలో ఇచ్చే పనులు, ఎలా గెలవాలో చెప్పే పేజీలు బోలెడు. నేను వాటిని చదవలేదు. మ్యాపుల పేజీలు మాత్రం అంచులు నలిగిపోయేదాకా తిప్పాను. నా అనుభవంలో గైడ్ పుస్తకం అంటే రెండు పుస్తకాలు ఒకే అట్టలో ఉన్నట్టు. ఒకటి జవాబుల పుస్తకం, మీ లెక్కల గైడ్ లాంటిది. రెండోది అట్లాస్. జవాబుల కోసం మూడు వేలు దండగ, అవి ఫోన్‌లో దొరుకుతాయి. అట్లాస్ కోసమైతే దండగ కాదు. నేల మీద పరుచుకుని బోర్లా పడుకుని చూసే మ్యాపు వేరు, చేతిలో చిన్న తెర మీద జరుపుకుంటూ చూసే మ్యాపు వేరు. తెర మీద వెతికిందే కనిపిస్తుంది. పుస్తకంలో వెతకనిది కూడా కంటబడుతుంది. పైగా ఫోన్‌లో ఒక వీడియో చూస్తే దాని వెనకే ఇంకో పది వస్తాయి. పుస్తకమే కావాలన్న మీ అబ్బాయి మాట నాకు నచ్చింది.

అన్ని పుస్తకాలూ మంచివని చెప్పను. 2000లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 9 అధికారిక గైడ్ గురించి ఆటగాళ్లు ఇప్పటికీ బాధపడతారు. ముఖ్యమైన చోటల్లా వివరం రాయకుండా ఒక కోడ్ ఇచ్చి, వెబ్‌సైట్‌కి వెళ్లి టైపు చేసి చదువుకోమన్నారు. ఇప్పుడు ఆ సైట్‌లో ఆ వివరాలు లేవు, పుస్తకం మాత్రం సగం ఖాళీగా మిగిలింది. డబ్బులిచ్చి పుస్తకం కొన్న మనిషికి అలా చేయడం అన్యాయం. దానికి పూర్తి వ్యతిరేకం ఎర్త్‌బౌండ్ అనే గేమ్. 1995లో అమెరికాలో దాన్ని పెద్ద పెట్టెలో గైడ్‌తో సహా అమ్మారు. 2013లో ఆ గేమ్ మళ్లీ విడుదలైనప్పుడు నింటెండో ఆ గైడ్‌ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది.

గైడ్ లేకపోతే కుదరని ఆటలూ ఉన్నాయి. 2006 నాటి ఫైనల్ ఫాంటసీ 12లో అన్నిటికన్నా బలమైన ఈటె కావాలంటే, ఆటలో వేర్వేరు చోట్ల ఉన్న నాలుగు పెట్టెలు తెరవకూడదు. తెరవొద్దని ఎక్కడా చెప్పరు. ఒక్కటి తెరిచినా, ఆ ఈటె ఉండాల్సిన చోట ఉండదు. పెట్టె కనిపిస్తే తెరవని పిల్లాడు ఉంటాడా? అలాంటిది పుస్తకంలో చదివితే తప్పేం లేదు.

మీ వాడి గేమ్ అలాంటిది కాదు. అందుకే ఒక్క మాట, దయచేసి ఇది వాడికి చెప్పకండి. అందులో భూమి కింద డెప్త్స్ అనే చీకటి లోకం ఉంది. అక్కడ లైట్‌రూట్‌లు అనే వెలుగిచ్చే వేర్లని వెలిగిస్తే చుట్టూ మ్యాపు తెరుచుకుంటుంది. పైన నేల మీద 120 ష్రైన్లు (గుడి లాంటి చిన్న కట్టడాలు), కింద 120 లైట్‌రూట్‌లు. ప్రతి లైట్‌రూట్ సరిగ్గా ఒక ష్రైన్ కిందే ఉంటుంది. పేరు కూడా ఆ ష్రైన్ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసి రాసినదే. జియోసిన్ ష్రైన్ కింద ఉన్నది నిసోయిజ్. మా అన్నయ్య కూతురు దీన్ని తనంతట తను కనిపెట్టిన రాత్రి నాకు ఫోన్ చేసింది. పదిన్నరకి. గొంతు వణుకుతోంది ఆనందంతో. ఏ పుస్తకంలోనైనా పైమ్యాపు, కిందమ్యాపు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సంగతి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ రాత్రి మాత్రం ఉండదు.

కాబట్టి కొనండి, కానీ ఇప్పుడే ఇవ్వకండి.

ఎర్డ్‌ట్రీ_వైజాగ్:

పై అన్న చెప్పిన ‘ఇప్పుడే వద్దు’కి ఇంకో కారణం ఉంది. గేమ్‌తో పాటే హడావిడిగా వచ్చే గైడ్ త్వరగా పాతబడుతుంది. నేను ఆడే ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. మార్చిలో 1.03 అప్‌డేట్‌తో మిమిక్ టియర్ అనే, మన పాత్రకి నకలుగా వచ్చి సాయం చేసే పాత్ర బలం తగ్గించారు, నెఫెలీ లాంటి పాత్రల కథలు పొడిగించారు, కలిసిన పాత్రల గుర్తులు మ్యాపులో కనబడేలా చేశారు. మొదటి రోజు అచ్చయిన పుస్తకం ఏదైనా ఉంటే ఇవేవీ అందులో ఉండవు. ఫ్యూచర్ ప్రెస్ వాళ్లు తొందరపడకుండా ఆ తర్వాత రెండు సంపుటాలు వేశారు. నేను రెండూ కొన్నాను, ఖర్చయినా బాధ లేదు. ఆయుధాల లెక్కలు మాత్రం నెట్‌లోనే చూస్తాను, అవి మారుతూనే ఉంటాయి. శత్రువుల బొమ్మలు, ప్రాంతాల వివరాలు మారవు.

మీరు చూస్తున్నది పిగ్గీబ్యాక్ వాళ్ల పుస్తకం అయి ఉంటుంది, గేమ్ వచ్చిన 2023లోనే వచ్చింది. వాళ్లే అంతకుముందు ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ గైడ్‌ని 2017లో వేసి, తర్వాత వచ్చిన అదనపు భాగాలు కలిపి 2018లో పెద్ద ఎడిషన్ తెచ్చారు. ముందే కొన్నవాళ్ల దగ్గర ఆ భాగాలు లేవు. మీ వాడి గేమ్‌కి అలాంటి అదనపు భాగాలు రావని తయారుచేసినవాళ్లే చెప్పారు, ఆ టెన్షన్ లేదు. పార్సిల్ విషయం జాగ్రత్త. నాకొచ్చిన ఒక సంపుటం మూల నలిగి వచ్చింది, ఫోటో తీసి పంపితే మార్చి ఇచ్చారు. పెట్టె తెరిచేటప్పుడే చూసుకోండి.

హన్మకొండ_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఏమీ తెలియనట్టు ‘ఆ కింద చీకట్లో దారి ఎలా తెలుస్తుందిరా?’ అని అడిగాను. వాడు లెక్కల రఫ్ నోట్‌బుక్ తెచ్చి వెనక పేజీలు చూపించాడు. తనే మ్యాపు గీసుకుంటున్నాడు. కింద దొరికినవి చుక్కలు, పైన దొరికినవి చిన్న ఇళ్లు. రెండూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలని వాడికి ఇంకా తట్టలేదు. నోటి దాకా వచ్చింది కానీ చెప్పలేదు.

పుస్తకం దసరా సెలవులకి కొంటాను. ఈలోపు, పొద్దున బడికి వెళ్లేముందు షాపులో ఆగి వాడికి ఒక గ్రాఫ్ పుస్తకం, నాలుగు ట్రేసింగ్ పేపర్లు కొనిచ్చాను.

బెజవాడ_మ్యాపులు:

ట్రేసింగ్ పేపర్లు! వాడు కనిపెట్టగానే ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.