ఆగ్మెంటెడ్ మాత్రికలో నిలువు గీత చూపించడం ఎలా?

ప్రశ్న:
మూడు చలరాశులున్న మూడు సమీకరణాలను గాస్-జోర్డన్ పద్ధతిలో సాధిస్తూ, ప్రతి దశలో వచ్చే 3×4 ఆగ్మెంటెడ్ మాత్రికను (గుణకాల పక్కన స్థిరాంకాలను కూడా చేర్చినదాన్ని) విద్యార్థుల నోట్సులో చూపించాలనుకుంటున్నాను. చేత్తో రాసేటప్పుడు గుణకాలకూ, చివరి నిలువు వరుసలోని స్థిరాంకాలకూ మధ్య ఒక గీత గీస్తాం. మాథమాటికా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో మాట్రిక్స్‌ఫారమ్ ఆదేశం వాడితే కుండలీకరణాలు వస్తున్నాయి గానీ గీత రావడం లేదు. పైగా ఆ మాత్రికకు ఒక పేరు పెట్టి తరువాతి దశకు తీసుకెళితే, మాత్రికను సరళీకరించే రోరెడ్యూస్ ఆదేశం పనిచేయడం లేదు. దయచేసి మార్గం చెప్పగలరు.

జవాబు 1:
ముందు రెండో ఇబ్బంది సంగతి చూద్దాం. మాట్రిక్స్‌ఫారమ్ అనేది కేవలం ప్రదర్శన కోసం వేసే తొడుగు. తొడుగుతో సహా పేరులో భద్రపరిస్తే ఆ తరువాతి గణన దాన్ని మాత్రికగా గుర్తించదు. పేరు పెట్టే భాగాన్ని కుండలీకరణాల్లో ఉంచి, మాట్రిక్స్‌ఫారమ్‌ను వాటి బయట తగిలిస్తే పేరులో అసలు మాత్రికే ఉంటుంది.

గీత కోసం గ్రిడ్ ఆదేశంలో డివైడర్స్ అనే ఐచ్ఛికం ఉంది. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి: నాలుగు నిలువు వరుసలకు గీత పడగల చోట్లు ఐదు, ఎడమ అంచే ఒకటోది, కాబట్టి మీకు కావలసింది 4వ స్థానం. అలవాటు కొద్దీ 3 అని ఇస్తే గీత రెండో వరుస తరువాతే పడుతుంది. గ్రిడ్ తనంతట తాను కుండలీకరణాలు వేయదు, వాటిని మీరే జోడించాలి. ఇదంతా ఒక చిన్న ఫంక్షన్‌గా రాసుకుంటే ప్రతి దశకూ అదే సరిపోతుంది.

జవాబు 2:
సాఫ్ట్‌వేర్ మార్చే వీలుంటే సేజ్‌మాథ్ చూడండి. ఈ విషయంలో నాకు అదే మేలనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ గీత మాత్రికతోనే ఉంటుంది. ఆగ్మెంట్ పద్ధతిలో సబ్‌డివైడ్‌ను ట్రూ అని ఇస్తే స్థిరాంకాల ముందు గీత దానంతటదే పడుతుంది, లేటెక్ (గణిత పత్రాలు తయారుచేసే వ్యవస్థ) రూపంలోకి మార్చినా పోదు. గీతకు కుడివైపున్న భాగాన్ని సబ్‌డివిజన్ ద్వారా విడిగా తీసుకోవచ్చు కూడా. ఉన్న మాత్రికకు గీత చేర్చాలంటే సబ్‌డివైడ్ పద్ధతి ఉంది. అది మాత్రికనే మారుస్తుంది తప్ప కొత్తదాన్ని తిరిగి ఇవ్వదు, కాబట్టి దాని ఫలితానికి పేరు పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. గ్రిడ్‌తో గీత వచ్చింది. అయితే నోట్సు లేటెక్‌లో తయారవుతోంది, అక్కడికి ఎలా తీసుకెళ్లాలి?

జవాబు 3:
అలాగైతే గ్రిడ్ అవసరమే లేదండి. మాట్రిక్స్‌ఫారమ్‌లోని మాత్రికను, లేటెక్ కోడ్‌గా మార్చే టెక్‌ఫారమ్ ఆదేశానికి ఇవ్వండి. అలా వచ్చే కోడ్‌లో అర్రే అనే మాట పక్కన, నిలువు వరుసకు ఒకటి చొప్పున, నాలుగు సి అక్షరాలు ఉంటాయి. మూడో సి తరువాత నిలువు గీత గుర్తు చేర్చండి. లేటెక్‌లో మాత్రికలు రాసే మరో ఆదేశమైన పీమాట్రిక్స్‌లో నిలువు వరుసల అమరిక చెప్పే వీలు లేదు కనుక అర్రేనే ఉంచుకోండి. అడ్డగీత కూడా కావలసి వస్తే ఆ అడ్డు వరుస ముగిశాక హెచ్‌లైన్ పెడితే చాలు.