పాత అపార్ట్‌మెంటు పడగొట్టి కడుతున్నాం: అటూ ఇటూ జరిపే గోడలు, రెండో తలుపు, కింద ఉమ్మడి హాలు... కావాలా, వద్దా?

రమాదేవి_ఎంవీపీ
విశాఖలో మా అపార్ట్‌మెంటు 1990ల మొదట్లో కట్టింది. ఉప్పుగాలికి ఊచలు తుప్పుపట్టి బాల్కనీల కింద పెచ్చులూడుతున్నాయి. పోయినేడు వానల్లో ఒక పెద్ద పెచ్చు వాచ్‌మన్ కుర్చీ మీద పడింది. అతను టీకి వెళ్ళాడు కాబట్టి బతికిపోయాడు. ఇక లాభం లేదని అందరం బిల్డరుకి ఇవ్వడానికి ఒప్పుకున్నాం. ఇరవై ఫ్లాట్లు మావి, పైన కొన్ని అతనివి.

బిల్డరు ప్లాను మామూలే: కింద స్టిల్ట్ పార్కింగు, పైన రెండు, మూడు బెడ్‌రూముల ఫ్లాట్లు. మాలో ఒకరి మేనకోడలు ఆర్కిటెక్టు, ఆ అమ్మాయి ఇంకోటి గీసిచ్చింది. స్తంభాలు, బయటి గోడలు, బాత్రూములూ వంటిల్లూ ఉన్న పైపుల వరస, ఇవి మాత్రం కదలవు. లోపలి గోడలు అవసరాన్ని బట్టి తర్వాత తీసుకోవచ్చు, పెట్టుకోవచ్చు. పెద్ద ఫ్లాట్లకి కారిడార్లోకి రెండో తలుపు ఉంటుంది. ఒక గది, బాత్రూము, చిన్న వంటగట్టు విడదీసి పెద్దవాళ్ళకో, పెళ్ళైన కొడుక్కో ఇవ్వచ్చు, అద్దెకైనా ఇవ్వచ్చు. కింద రోడ్డు వైపు ఒక హాలు, దాని ముందు అరుగు. హాలు వల్ల నాలుగు కార్ల జాగా పోతుంది.

ఆదివారం మీటింగు. మీరైతే ఏమంటారు?

సెక్టార్6_సత్యం
నాలుగు కార్లు ఎక్కడ పెడతారు?

సైట్‌ఇంజనీర్_పెందుర్తి
రమాదేవి గారూ, ఆ అమ్మాయి చెప్పింది కొత్త సంగతేం కాదు. 1960ల్లోనే హబ్రాకెన్ అనే డచ్ ఆర్కిటెక్టు ఈ మాటే అన్నాడు: కట్టడం అందరిదీ, లోపలి అమరిక అందులో ఉండేవాళ్ళది, ఈ రెంటినీ విడదీయండి అని.

బిల్డర్ని రెండే అడగండి. స్తంభాలూ దూలాలతో కడతాడా, మైవాన్ వేస్తాడా? మైవాన్ అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడా శ్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. పని తొందరగా తెమిలిపోతుంది, కానీ గోడే బరువు మోస్తుంది కాబట్టి ఆ గోడని ఇక ముట్టుకోడానికి లేదు. రెండోది శ్లాబు. మామూలుగా గోడ ఎక్కడొస్తుందో చూసుకుని అక్కడ కింద దూలం ఇస్తారు. గోడ ఎటైనా జరగొచ్చంటే ఆ బరువు శ్లాబు అంతటా లెక్క కట్టాలి. కట్టడాల బరువులకి మన దేశపు కోడు ఐఎస్ 875 రెండో భాగంలో దీనికి చదరపు మీటరుకి కనీసం 1 కిలోన్యూటన్, అంటే సుమారు 100 కిలోలు వేసుకోమని ఉంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ తెచ్చి ఎక్కడ పడితే అక్కడ పెడతానంటే కుదరదు. నాలుగంగుళాల ఏఏసీ బ్లాకుకి (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు ఇటుక) లెక్క కట్టించుకోండి. ఈ రెండూ అగ్రిమెంట్లో రాయించండి. నోటిమాట నమ్మొద్దు.

రిటైర్డ్_బ్యాంకర్
ఇంజనీరు గారూ, కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. జరిపే గోడలంటే చివరికి జిప్సం బోర్డులే కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను సీతమ్మధారలో నాలుగో అంతస్తులో ఉన్నాను. కిటికీ అద్దాలు పగిలి వాన అడ్డంగా హాల్లోకి కొట్టింది. పరుపులు, సోఫా, పుస్తకాలు అన్నీ పోయాయి. ఇటుక గోడలు ఆరాక సున్నం వేస్తే సరిపోయింది. అదే జిప్సం అయ్యుంటే చీపురుతో ఎత్తుకోవాల్సొచ్చేది.

ఇంకో మాట. రేపు అమ్మాలంటే ఎవరు కొంటారు? త్రీ బెడ్‌రూం, తూర్పు ఫేసింగు, కారు పార్కింగు అంటే ఫోను మోగుతుంది. 'గోడలు మీ ఇష్టం' అంటే కొనేవాడికి అనుమానం, లోను ఇచ్చే బ్యాంకుకి అంతకన్నా అనుమానం. ఉద్యోగమంతా లోన్ల సెక్షన్లోనే చేశాను, తెలిసే చెబుతున్నాను. వాస్తు నేను ఎత్తను, మీరు నవ్వుతారు. కొనేవాళ్ళు నవ్వరు.

చినవాల్తేరు_బుజ్జి
గోడ జరిపితే ఈశాన్యం కూడా జరుగుతుందా మాస్టారూ?

సైట్‌ఇంజనీర్_పెందుర్తి
నేను రాసిన దాంట్లో జిప్సం అన్న మాట ఎక్కడుందో చూపించండి. ఏఏసీ బ్లాకు తడిస్తే ఆరుతుంది. ఫైబర్ సిమెంటు బోర్డు తడికి తట్టుకుంటుంది. మీ ఇంటిని ముంచింది కిటికీ, గోడ కాదు.

ఇంట్లోవాళ్ళు పెరిగేకొద్దీ ఇల్లూ మారడం మన ఊరు ఎరగనిదా? ఎంవీపీలో వుడా (అప్పటి విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) తక్కువ, మధ్య ఆదాయాలవాళ్ళకి కట్టిన ఎల్‌ఐజీ, ఎంఐజీ ఇళ్ళ వీధుల్లో ఒకసారి నడవండి. చిన్న ఇళ్ళుగా మొదలైనవే. ఇప్పుడు కింద టైలరింగు షాపు, పైన ఇంటాయన, ఆ పైన అద్దెకిచ్చిన వాటా, బయట ఇనప మెట్లు. పిల్ల పెళ్ళికి ఒక శ్లాబు, రిటైరైన డబ్బుతో ఇంకో శ్లాబు. ఇందోర్‌లో అరణ్య కాలనీకి ఆర్కిటెక్టు బి.వి. దోషి 1980ల్లో గీసింది ఇదే పద్ధతి. పేద కుటుంబాలకి స్థలం, పునాది, మరుగుదొడ్డి, నీళ్ళు, కొందరికి ఒక గది ఇచ్చి మిగతాది వాళ్ళ వీలుకి వదిలేశారు. దానికి 1995లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. దోషికి 2018లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ ఇచ్చారు. మనవాళ్ళకి మాత్రం అనధికార అంతస్తని నోటీసులు.

రిటైర్డ్_బ్యాంకర్
అరణ్యలో వాళ్ళ కాళ్ళ కింద నేలుంది. ఐదో అంతస్తులో మాకున్నది కాగితం మీద అవిభక్త వాటా. ఎల్‌ఐజీ ఆయన తన పెరట్లో మెట్లు కట్టుకున్నాడు, ఎవరికీ అడ్డం లేదు. నేను గోడ కొట్టిస్తే ఆ దుమ్మూ డ్రిల్లింగు మోతా అంతా కింది ఫ్లాటువాడి నెత్తిన. పదిమంది పది సార్లు కొట్టించారనుకోండి, ఇక ఆ బిల్డింగులో ఎవరు నిద్రపోతారు?

కంచరపాలెం_గోవిందు
ఇంజనీరు బాబు సెప్పినది నిజమే. మాకు కాలనీలో ఒచ్చిన ఫ్లాటు అదే బాపతు, అన్నీ కాంక్రీటు గోడలే. దేవుడి పటానికి మేకు కొడితే మేకే వంగిపోద్ది. పెద్దోడికి పెళ్ళి సేసినాం. ఆల్లకో గది తీద్దారని మేస్త్రీని పిలిస్తే, గోడ ముట్టుకోకండి బాబూ అని దండం పెట్టీసి ఎల్లిపోయాడు. ఇప్పుడు కొత్తోల్లు లోపల, నానూ మా ఆవిడా వంటింట్లో. కంచరపాలెం లైనింట్లో ఉన్నప్పుడైతే పక్కన వసారా దించీసేవోలం, ఓ పూట పని. గోడ జరుగుతాదంటే ఒద్దంటారేటండీ?

సెక్టార్6_సత్యం
అంతా బాగుంది. కార్లు?

రమాదేవి_ఎంవీపీ
సత్యం గారూ, మా ఇరవైలో కారు లేనివాళ్ళు ఆరుగురు. వాళ్ళ జాగాలో ఇప్పుడు పాత సైకిళ్ళున్నాయి. అందుకని ఆ నాలుగూ పోయినా తంటా లేదు.

బ్యాంకరు గారు హుద్‌హుద్ మాట ఎత్తారు కాబట్టి నేనూ చెబుతాను. కరెంటు లేదు, మోటారు లేదు, ఫోన్లు లేవు. ఫ్రిజ్‌ల్లో ఉన్న వంజరం, రొయ్యలు పాడైపోతాయని అన్నీ కిందికి తెచ్చి స్టిల్టులో రెండు గ్యాసు పొయ్యిలు పెట్టి వండాం. చేప ముట్టనివాళ్ళు ఆ పక్కనే పప్పుచారు కాశారు. ఎదురింటావిడ పేరు నాకు ఆ రోజే తెలిసింది, అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతున్నాం. కరెంటు రాగానే మళ్ళీ ఎవరి తలుపు వాళ్ళదే. మనసు లేక అనుకోను. కార్ల మధ్య నిలబడి ఎంతసేపని మాట్లాడతాం? నలుగురు కూర్చునే చోటుంటే కూర్చుంటారు. నేను హాలు అడిగేది అందుకే.

రిటైర్డ్_బ్యాంకర్
తుఫాను సంగతి వేరమ్మా. మేం ఇదివరకున్న అపార్ట్‌మెంటులో హాలుండేది. మొదటి ఏడు వినాయక చవితి, తర్వాత ఎవరి మనవడిదో బారసాల, ఆ తర్వాత పాత సోఫాలు, పగిలిన కమోడ్లు. తాళం ఎవరి దగ్గరుండాలన్న గొడవలో సెక్రటరీ రాజీనామా చేశాడు.

సరే, హాలు కట్టుకోండి. ఆ రెండో తలుపు మాత్రం ఒప్పుకోవద్దు. ఇరవై ఇళ్ళు ముప్ఫై అవుతాయి. కారిడార్లో ఎవరెవరో తిరుగుతుంటారు. కాల్‌సెంటరు కుర్రాళ్ళు, రాత్రి రెండింటికి బిర్యానీ డెలివరీలు. మనలాంటి ఫ్యామిలీస్ ఉండే చోటది.

లత_అద్దెఇల్లు
'మనలాంటి' అంటే ఎవరండీ?

ఇల్లు చూడ్డానికి వెళ్తే అద్దె ఎంతో చెప్పకముందే ఇంటిపేరు అడుగుతారు. చెబితే సరిపోదు, 'అంటే మీరేమిట్లు?' అని ఇంకో ప్రశ్న. అన్నీ దాటుకుని చేరాక, మెయింటెనెన్సు నేను కడతాను, మీటింగు నోటీసు హైదరాబాదులో ఉన్న ఓనరుకి వెళ్తుంది. మోటారు కాలిపోతే బకెట్లు మోసేది నేను, కొత్త మోటారు కొనాలో వద్దో ఓటేసేది ఆయన. మా పాప కింద బంతి ఆడితే 'టెనెంట్స్ పిల్లలు గోల చేస్తున్నారు' అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో నేను లేను, పక్కింటావిడ చూపించింది. రమాదేవి గారూ, మీ హాలు బాగుంది. అందులో నా బోటిదాన్ని కూర్చోనిస్తారా?

సైట్‌ఇంజనీర్_పెందుర్తి
ఇదన్నమాట మీ జిప్సం! బోర్డు తడుస్తుంది, బ్యాంకు లోను ఇవ్వదు, కింది ఫ్లాటుకి దుమ్ము అని ఇంత దూరం తిప్పారు. మీ బెంగ గోడ మీద కాదు, గోడ అవతలికి ఎవరొస్తారో అని. ఆ మాట మొదటే అనుంటే నేను ఐఎస్ కోడ్లు రాసుకుంటూ కూర్చునేవాణ్ణి కాదు.

రిటైర్డ్_బ్యాంకర్
అవును, అదే నా బెంగ. తప్పా? మా ఇంకో ఫ్లాటు ముగ్గురు కుర్రాళ్ళకి అద్దెకిచ్చాను. అద్దె ఎగ్గొట్టి, తాళం కూడా ఇవ్వకుండా పోయారు. తర్వాత వాళ్ళ కోసం పోలీసులు మా ఇంటికొచ్చారు. నేనూ మా ఆవిడా ఇద్దరమే ఉంటాం, పిల్లలు అమెరికాలో. రాత్రి బెల్లు మోగితే మా ఆవిడ నన్ను తలుపు తియ్యనివ్వదు. మీరు డ్రాయింగులో ఒక గీత గీసి పోతారు. ఆ తలుపుకి ఎదురుగా ఉండాల్సింది మాబోటివాళ్ళు. కులం గిలం నేనెవర్నీ అడగలేదు, ఆ మాట నాకు అంటగట్టకండి.

చినవాల్తేరు_బుజ్జి
'మనలాంటి ఫ్యామిలీస్' అన్నది మీరే సార్.

నిర్వాహకుడు
రెండు పోస్టులు తీసేశాను. వ్యక్తిగత దూషణలు వద్దు. మళ్ళీ తిట్లు కనిపిస్తే ఈ చర్చకి తాళం వేస్తాను.

రమాదేవి_ఎంవీపీ
ఆ రెండో తలుపు గీయమని ఆ అమ్మాయిని అడిగింది నేనే. మా అత్తగారు మాతో ఉండనంటారు, ఒంటరిగానూ ఉండలేరు. తన పొయ్యి తనకుండాలి, తన సీరియల్ సౌండు ఎవరూ తగ్గించకూడదు. రాత్రి దగ్గొస్తే మాత్రం నాకు వినపడాలి. మామూలు త్రీ బెడ్‌రూంలో ఆవిడకి ఇవ్వగలిగేది మా హాల్లోంచి వెళ్ళే ఒక గది, అందులో ఆవిడ ఎప్పటికీ చుట్టమే. ఆవిడ తర్వాత ఆ గది అద్దెకిస్తాను, దాచడానికేముంది? పెన్షన్ లేనిదాన్ని. బ్యాంకరు గారికి ఆ తలుపు మీద భయం, నాకు ఆ తలుపు లేకపోతే భయం.

సైట్‌ఇంజనీర్_పెందుర్తి
ఒక పని చెయ్యండి. ఫ్లాటు ఓనరు అదే ఫ్లాటులో ఉంటేనే పక్క గది అద్దెకివ్వాలని బైలాల్లో రాసుకోండి. ఎవర్ని పెట్టినా జవాబుదారీ ఎదురుగా ఉంటాడు.

లత_అద్దెఇల్లు
అంటే అద్దెకున్నవాళ్ళు ఎప్పుడూ ఓనరు కళ్ళెదుటే ఉండాలి. మూడేళ్ళు అద్దె ఎగ్గొట్టనివాళ్ళకి ఏం రాస్తారో అదీ చెప్పండి.

రిటైర్డ్_బ్యాంకర్
ఇంజనీరు గారు చెప్పింది కొంత నయం. కానీ బైలా ఎవరు పాటిస్తారు? రాసిన సెక్రటరీయే ముందు తప్పుతాడు.

సైట్‌ఇంజనీర్_పెందుర్తి
ఏం చేసినా ఇప్పుడే తేల్చుకోండి. ప్లాను శాంక్షనై అమ్మకాలు మొదలయ్యాక మార్చాలంటే రెరా (రియల్ ఎస్టేట్) చట్టం 14వ సెక్షను ప్రకారం మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి. అప్పుడు ఒక్క కిటికీ జరపడానికి కూడా ఇంటింటికీ తిరగాలి.

రమాదేవి_ఎంవీపీ
స్తంభాలు, శ్లాబు లోడు అగ్రిమెంట్లో రాయిస్తాను, వాటి మీద పేచీ రాదనుకుంటున్నాను. హాలూ రెండో తలుపూ ఓటుకి పెడతాం.

లత_అద్దెఇల్లు
మీ అపార్ట్‌మెంటులో అద్దెకున్నవాళ్ళకి ఓటుందా?

రమాదేవి_ఎంవీపీ
లేదమ్మా. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం కింద సంఘం ఓనర్లదే. హాలు అద్దెవాళ్ళూ వాడుకోవచ్చని బైలాల్లో పెట్టమని అడుగుతాను. అందరూ ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు.

సెక్టార్6_సత్యం
హాలు టెర్రస్ మీద కట్టుకోవచ్చుగా? కార్ల జాగా కార్లకే ఉంటుంది.

సైట్‌ఇంజనీర్_పెందుర్తి
టెర్రస్ మీద హాలుకి అరుగెక్కడ పెడతారు సత్యం గారూ? సాయంత్రం ముసలాళ్ళు కూర్చుంటే దారిన పోయేవాళ్ళు పలకరించాలి, కొబ్బరిబొండాల బండి ఆగాలి. బండి ఆరో అంతస్తుకి ఎక్కదు.

సెక్టార్6_సత్యం
కొబ్బరిబొండాల బండి కోసం నా కారు రోడ్డు మీద పెట్టుకోవాలా?