పది మందికి శ్రీలంక టిఫిన్: కిరిబత్ ముక్క నిలవాలంటే ఏ బియ్యం వాడాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం పొద్దున మా ఇంట్లో పది మంది చుట్టాలు ఉంటారు. ఎప్పుడూ చేసే ఇడ్లీ, పూరీ కాకుండా ఈసారి శ్రీలంక టిఫిన్ పెట్టాలని గట్టిగా అనుకుంటున్నాను. శ్రీలంకలో కాండీ ఊళ్ళో మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో ఒకరోజు కిరిబత్ పెట్టారు, కొబ్బరిపాలతో వండిన అన్నాన్ని పళ్ళెంలో పరిచి డైమండ్ ముక్కలుగా కోసి, పక్కన ఎర్రగా లూనుమిరిస్ అనే ఎండుమిర్చి, ఉల్లి కారం. మర్నాడు పోల్ రోటీ అంటే కొబ్బరి రొట్టె, ఎర్ర పప్పు, పసుపురంగులో పలచటి కొబ్బరిపాల పులుసు, దాన్ని కిరి హొది అంటారు. అది తిని దంతధాతు ఆలయం, చెరువు చుట్టూ తిరిగినా మధ్యాహ్నం దాకా ఆకలి ఊసే లేదు, అంత నిండుగా ఉంటుంది. నా టెన్షన్ ఏంటంటే సోనామసూరితో ఆ ముక్క నిలుస్తుందా, కొబ్బరిపాలు విరిగిపోకుండా ఎలా చూసుకోవాలి, లూనుమిరిస్‌లో వేసే మాల్దీవుల ఎండు చేప ఇక్కడ హైదరాబాద్‌లో నాకెక్కడా కనబడలేదు, దాని బదులు ఏం వెయ్యాలి? వచ్చేవాళ్ళలో నలుగురు శాకాహారులు కూడా. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కొలంబోకోడలు:
సోనామసూరితో హాయిగా వస్తుందండి, కాకపోతే కొత్త బియ్యం తీసుకోండి. మన ఇళ్ళలో అన్నం పొడిపొడిగా రావాలని పాత బియ్యం కోసం వెతుక్కుంటాం కదా, దీనికి సరిగ్గా ఉల్టా, మెతుకూ మెతుకూ అంటుకుంటేనే ముక్క కోయడానికి వస్తుంది. ఇక్కడ తెల్ల పచ్చిబియ్యంతోనూ చేస్తారు, ఎర్రబియ్యంతోనూ చేస్తారు. బాస్మతి మాత్రం వద్దే వద్దు.

పది మందికి, పక్కన రోటీ కూడా ఉంటుంది కాబట్టి, మూడు గ్లాసుల బియ్యం చాలు. ఆరు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా ఉడికించండి, నీళ్ళు ఇగిరాక మూడు గ్లాసుల చిక్కటి కొబ్బరిపాలల్లో ఉప్పు కలిపి అందులో పొయ్యండి. అక్కడినుంచి సన్నని సెగ. చెక్క గరిటతో అడుగు నుంచి మెదుపుతూ ఉంటే పాలు పీల్చుకుని ముద్ద గిన్నె అంచులు వదిలేస్తుంది, అప్పుడు దింపి వెడల్పు పళ్ళెంలో వేసి, నూనె రాసిన అరిటాకు ముక్కతో పైన నొక్కుతూ అంగుళం మందాన సర్దండి. పది నిమిషాలు ఆగి తడిచాకుతో కొయ్యండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, గట్టిపడిపోతుంది.

కిరిబత్ చప్పగా, కమ్మగా ఉండాలి, పని అంతా లూనుమిరిస్‌దే. మిక్సీ పక్కన పెట్టండి. ఎండుమిర్చి, ఉప్పు ముందు రోట్లో కచ్చాపచ్చాగా నూరి, అప్పుడు చిన్న ఉల్లిపాయలు వేసి నాలుగు పోట్లు వెయ్యాలి. ఉల్లి నలిగి రసం ఊరాలి కానీ ముద్ద కాకూడదు, మిరప గింజలు విడిగా కనిపిస్తూ ఉండాలి. చివర్లో నిమ్మరసం. మా అత్తగారు మిక్సీలో చేసిన లూనుమిరిస్ ముట్టుకోరు, నాకూ ఇప్పుడు అదే అలవాటైంది.

మాల్దీవుల చేప అంటే ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టిన ట్యూనా. దాని బదులు ఎండు రొయ్యలు తల, తోక తీసి దోరగా వేయించి పొడి చేసి వెయ్యండి. శాకాహారులకి విడిగా తియ్యండి, చేప లేకుండా కూడా ఇక్కడ చాలామంది తింటారు, ఏమీ లోటు ఉండదు.

కొబ్బరితోట:
పాల గురించి నేను చెప్తాను, మాది అమలాపురం దగ్గర. ముదురు కాయ తీసుకోండి, ఊపితే నీళ్ళు గలగలమనాలి. మూడు పెద్ద కాయలు పడతాయి. కోరేటప్పుడు చిప్పకి ఆనుకున్న గోధుమ రంగు పొర రానివ్వకండి, పాలు నల్లబడతాయి. గోరువెచ్చటి నీళ్ళు కొంచెమే పోసి తిప్పి గుడ్డలో పిండితే వచ్చేవి మొదటి పాలు, అవి కిరిబత్‌కి. అదే పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి తీసిన రెండో పాలు కిరి హొదికీ పప్పుకీ.

పాలు విరిగేది మంట వల్లే. కిరి హొదికి రెండో పాలల్లో ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, కాసిని మెంతులు, పసుపు, దాల్చినచెక్క వేసి గరిట ఆపకుండా తిప్పుతూ మరగనివ్వండి, చివర్లో అరగ్లాసు మొదటి పాలు పోసి ఒక్క పొంగు వచ్చేలోపే ఆపెయ్యండి. నిమ్మరసం దింపాకే. పొయ్యి మీద ఉండగా పిండితే విరిగిపోవడం ఖాయం. మేమైతే ఆవాల పోపు కూడా పెడతాం, బాగుంటుంది.

కొలంబోకోడలు:
కిరి హొదికి పోపు వద్దండీ, దయచేసి! ఆ లేత వాసన అంతా పోతుంది. పోపు పప్పుకి పెట్టండి, ఎర్ర కందిపప్పు రెండో పాలల్లో ఉడికించి ఆవాలు, ఎండుమిర్చి, ఉల్లి, కరివేపాకుతో. దాల్చినచెక్క కూడా పొరలు పొరలుగా సన్నగా చుట్టుకుని ఉండేది దొరికితే అదే వాడండి, అదే అసలు సిలోన్ చెక్క. మనకి కిరాణా కొట్లో ఎక్కువగా దొరికే మందపాటిది ఘాటు ఎక్కువ, వేస్తే చిన్న ముక్క చాలు. రంపె ఆకు, అదే వాసన కోసం వేసే పాండన్ ఆకు, నర్సరీలో దొరికితే సరే, లేకపోతే వదిలెయ్యండి, బదులుగా ఏదో ఒకటి వెయ్యకండి.

గోదారిగట్టు:
ఇద్దరికీ చాలా థాంక్స్. పోపు పప్పుకే పెడతాను. పోల్ రోటీ పిండి ముందు రాత్రి కలిపేసుకోవచ్చా? శనివారం చేసుకోగలిగిన పనులు ఇంకేమైనా ఉంటే చెప్పండి, పొద్దున వంటింట్లో నేనొక్కదాన్నే.

డాలస్‌పిల్ల:
అక్కా, రోటీ పిండి రాత్రి కలపొద్దు, కొబ్బరి పులిసిన వాసన వస్తుంది. కోరు మాత్రం తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పొద్దున రెండు కప్పుల పిండికి కప్పు కోరు, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, ఉప్పు, నీళ్ళు కొంచెం కొంచెంగా వేసి కలిపి పావుగంట నాననివ్వండి. పది మందికి దీనికి రెట్టింపు కావాలి. చేత్తో తట్టి, చపాతీ కంటే బాగా మందంగా, మధ్యస్థం మంట మీద మచ్చలు పడేదాకా కాల్చండి. సగం రాగిపిండి వేసినా బాగుంటుంది, అక్కడ కురక్కన్ రోటీ అని చేసుకుంటారు.

శనివారం చెయ్యాల్సింది సీని సంబోల్, అంటే తియ్యటి ఉల్లిపాయ పచ్చడి. ఉల్లిపాయలు సన్నగా తరిగి నూనెలో సన్నని సెగ మీద అరగంట పైనే మగ్గించి, కారం, చింతపండు గుజ్జు, చక్కెర, దాల్చినచెక్క వేస్తే తియ్యగా, పుల్లగా, కారంగా వస్తుంది, మర్నాటికి ఇంకా రుచి. పిల్లలు లూనుమిరిస్ కారం తినలేరు కదా, వాళ్ళకి కిరిబత్‌తో ఇది పెట్టండి, లేదా బెల్లం, అరటిపండు. ఇక్కడ నేను డబ్బా కొబ్బరిపాలే వాడతాను, మరీ చిక్కగా ఉంటే నీళ్ళు కలిపి. మీకు కాయలు దొరుకుతాయి కాబట్టి తాజావే తీయండి, కానీ శనివారం తీసి పెట్టకండి, ఆదివారం లేవగానే మొదటి పని అదే పెట్టుకోండి, తర్వాత బియ్యం పొయ్యి మీద పడేసి ఆ గ్యాప్‌లో పిండి కలిపేసుకోవచ్చు.