విరిగిన మనస్సు గలవారికి సంపూర్ణత సాధ్యమేనా?

అన్వేషి (ప్రశ్న):
ప్రభువునందు అందరికీ వందనాలు. నేను బాప్తిస్మం పొంది చాలా ఏళ్లయింది. అయినా చిన్ననాట మా నాన్నగారి చేతిలో తిన్న దెబ్బలు, పడిన మాటలు ఇంకా నన్ను వదలలేదు. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఆ భయమే మరుక్షణం కోపమై ఇంట్లోవారి మీద పడుతుంది. క్రీస్తునందున్నవాడు నూతన సృష్టి అని వాక్యం చెబుతుండగా నాలో పాతదంతా అలాగే మిగిలి ఉంటే, నా మారుమనస్సు నిజమైనదేనా అన్న సందేహం కలుగుతోంది. యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ సంఘమంతా రొట్టె పంచుకునే ప్రభురాత్రి భోజన సమయంలో రొట్టె పళ్లెం నా వరకు వచ్చినప్పుడు, అయోగ్యంగా తీసుకుంటే శిక్షకు లోనవుతానేమోనని దానిని పక్కవారికి అందించి తల వంచుకుంటున్నాను. ఇవన్నీ నయమైన తరువాతే దేవుని దగ్గరకు రావాలా?

నిరీక్షణ:
సహోదరా, ముందుగా ఆ పళ్లెం సంగతి చెప్పనివ్వండి. 1 కొరింథీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు మందలించినది గాయపడి దుఃఖిస్తున్నవారిని కాదు. ఆ సంఘంలో కొందరు ముందే వచ్చి తిని, త్రాగి మత్తులవుతుంటే పేదలు ఆకలితో ఉండిపోయేవారు. లేనివారిని అలా సిగ్గుపరచడమే ఆయన గద్దింపుకు కారణం. ‘తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ వచనం అక్కడ ముగియదు, పరీక్షించుకొని ఆ రొట్టెను తినవలెనని చెబుతుంది. యేసు తన శిష్యులతో కలిసి భుజించిన ఆ మొదటి బల్ల దగ్గర కూర్చున్నవారినీ గుర్తు చేసుకోండి. ఆ రాత్రి తెల్లవారకముందే పేతురు యేసును ఎరుగనని బొంకాడు, మిగిలినవారు పారిపోయారు. ఆయన అది ముందే ఎరిగి కూడా వారి చేతికి రొట్టె ఇచ్చాడు.

ద్రాక్షతీగె:
నిరీక్షణ గారి మాటతో ఏకీభవిస్తూ, ‘సంపూర్ణత’ను మనం ఊహించుకునే తీరు గురించి ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. గాయం జాడ కూడా మిగలకపోవడమే సంపూర్ణత అయితే, పునరుత్థానుడైన ప్రభువు దేహంలో మేకుల గురుతులు ఉండకూడదు. మరణాన్ని జయించిన ఆ దేహంలోనే అవి ఉన్నాయి. సందేహించిన శిష్యుడు తోమాకు ఆయన చూపించినవి కూడా అవే. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగిపోవాలని ముమ్మారు వేడుకున్నాడు. అది తొలగినట్టు ఎక్కడా వ్రాసి లేదు. ‘నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది’ అన్న జవాబే ప్రభువు నుండి ఆయనకు దొరికింది.

ప్రాచీన క్రైస్తవ బోధకుడు అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథాన్ని 397 ప్రాంతంలో వ్రాయడం మొదలుపెట్టేనాటికే హిప్పో పట్టణపు బిషప్పు. అందులో మొదటి తొమ్మిది భాగాలు గడిచిన జీవితాన్ని చెబుతాయి. పదో భాగంలో ఆయన తన అప్పటి స్థితిని విప్పి చెప్పాడు: కలలలో వెంటాడే పాత కోరికలు, పొగడ్త వినగానే లోలోపల పొంగిపోయే మనస్సు. మారుమనస్సు పొంది పదేళ్లు దాటిన సంఘాధ్యక్షుడే ఇలా వ్రాయగలిగినప్పుడు, మీలోని పోరాటాన్ని చూసి మీ విశ్వాసమే అబద్ధమని అనుకోనవసరం లేదు.

పాత కాపరి:
పై ఇద్దరూ చెప్పినది సత్యమే. అయితే మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. మీకు తగిలిన గాయం మీ పాపం కాదు. దానికి మీరు పశ్చాత్తాపపడనక్కరలేదు, ఓదార్పు పొందాలి, అవసరమైతే కౌన్సెలింగ్ తీసుకోవాలి, అది విశ్వాసలోపం కానే కాదు. ఇంట్లోవారి మీద పడుతున్న కోపం మాత్రం మీ బాధ్యత. విరిగినవాణ్ణి గనుక ఇంతే అని సరిపెట్టుకుంటే, ‘కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా’ అని పౌలు అడిగిన ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు. కోపం వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి దగ్గరకే వెళ్లి, సాకులు చెప్పకుండా క్షమాపణ అడగండి.

ఇంకొక సంగతి. 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనలు అనే ఆంగ్ల పాటల పుస్తకంలో ఎన్నో మంచి పాటలు వ్రాసిన ఆంగ్ల కవి విలియం కౌపర్, 1773లో వచ్చిన తీవ్రమైన మానసిక వేదన తరువాత, దేవుడు తనను విడిచిపెట్టాడనే తలంపు నుండి చివరిదాకా పూర్తిగా బయటపడలేదు. ఆ చీకటి రోజుల్లో కాపరి జాన్ న్యూటన్ ఆయనను తన ఇంట్లోనే ఏడాదికి పైగా ఉంచుకున్నాడు. తన కోసం తాను నమ్మలేని రోజు వచ్చినప్పుడు మనిషికి పక్కన నిలిచి నమ్మేవారు కావాలి. సంపూర్ణతను మనం ఒంటరిగా వెదకడం వల్లనే చాలాసార్లు అలసిపోతున్నామని నాకు అనిపిస్తుంది.

అన్వేషి:
అందరికీ కృతజ్ఞతలు. గాయాన్నీ పాపాన్నీ వేరు చేసి చూడవచ్చన్న సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఒక్కటి మిగిలింది. నాన్నగారిని క్షమించానని ప్రార్థనలో చెబుతాను, కానీ ఆయన ఎదురుపడితే నోట మాట రాదు. క్షమించినట్టా, లేనట్టా?

నిరీక్షణ:
ఆదికాండములోని యోసేపును చూడండి. తనను అమ్మివేసిన అన్నలు ధాన్యం కోసం వచ్చిన మొదటి రోజే ఆయన తానెవరో చెప్పలేదు. వారిని పరీక్షించాడు, పక్క గదిలోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కొని తిరిగి వచ్చాడు. ఆ అన్నల్లో ఒకడైన యూదా, చిన్న తమ్ముడు బెన్యామీనుకు బదులుగా తాను దాసుడిగా ఉండిపోతానన్న తరువాతే తనను తాను వెల్లడి చేసుకున్నాడు. తండ్రి చనిపోయాక కూడా, ‘మీరు నాకు కీడు చేయనుద్దేశించితిరి’ అని జరిగినదానిని కీడు అనే పిలిచి, ఆ మాటతోపాటే వారిని ఆదరించి పోషించాడు. క్షమించే మనస్సు ఆయనకు ఉంది, దగ్గరకు రావడానికి సమయం కూడా పట్టింది. మీకూ పట్టవచ్చు. సమస్త మనుష్యులతో సమాధానంగా ఉండమన్న చోట పౌలు సైతం ‘శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు’ అనే వ్రాశాడు. ప్రార్థనలో మీరు చెబుతున్న మాటను చెబుతూనే ఉండండి. నాన్నగారిని కలవవలసి వచ్చిన రోజున మాత్రం, మీరు నమ్మే సంఘపెద్దను ఒకరిని వెంట తీసుకొని వెళ్లండి.