చవితికి పాపను తాతగారింటికి పంపవచ్చునా?

ప్రశ్న: కూకట్‌పల్లి అమ్మాయి (4 సెప్టెంబరు 2021)

మేము కూకట్‌పల్లిలో, మా అమ్మానాన్నలు మలక్‌పేటలో ఉంటాము. మెట్రో ఎక్కితే మధ్యలో రైలు మారే పని కూడా లేని ఆ దారిలో, 2020 మార్చిలో కరోనా వల్ల లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి మేము వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే. వెళ్లినప్పుడు కూడా గేటు దగ్గరే నిలబడి మాట్లాడి వచ్చేశాము. నాన్నగారికి 71 ఏళ్లు, షుగరు ఉంది. ఇద్దరూ ఏప్రిల్‌కే కోవాగ్జిన్ టీకా రెండు డోసులూ వేయించుకున్నారు. ఈ నెల 1న బడులు తెరవడంతో ఏడేళ్ల మా పాప మళ్లీ బడికి వెళ్తోంది.

10న వినాయక చవితి. పాపను రెండు రోజులు తన దగ్గర ఉంచమని అమ్మ అడుగుతోంది. కాదనడానికి నోరు రాకపోవడానికి కారణం ఉంది. నిరుడు జూన్‌లో నాన్నగారు స్కూటరు మీద వచ్చి, స్టీలు డబ్బాలో జంతికలు మా వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్లారు. నేను ఆ డబ్బాను సబ్బు నీళ్లతో తుడిచి రెండు రోజులు బాల్కనీలో ఎండలో ఉంచాను. వీడియో కాల్‌లో పాప ఫోను అటు తిప్పడంతో అమ్మ చూసింది. "నా చేతి తిండి మీకు అంటయిందా?" అని ఒక్క మాట అన్నది. ఆ తరువాత ఏదీ పంపలేదు.

చాదర్‌ఘాట్ తాతయ్య:

అమ్మా, నాకు 74 ఏళ్లు. అప్పట్లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులలో 65 దాటినవారు, పదేళ్లలోపు పిల్లలు ఇల్లు కదలరాదని ఒకే వరుసలో ఉండేది. అలా నన్నూ నాలుగేళ్ల మా మనవరాలినీ ఒకే గాటన కట్టారు, కాని వేర్వేరు ఇళ్లలో. ఈ ఏడాది భోగినాడు మా ఆవిడ ఫోనును పీట మీద నిలబెట్టి, తెర మీద కనిపిస్తున్న పిల్ల తల మీదుగా రేగిపళ్లు పోసింది. ఫోను బోర్లా పడింది, అందరం నవ్వాము. ఆ రాత్రి ఆవిడ భోజనం చేయలేదు.

మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కాని మా ప్రాణాల గురించి పిల్లలందరూ తమలో తాము మాట్లాడుకొని నిర్ణయించారే తప్ప, మీకెంత భయం, ఎంతవరకు తెగిస్తారు అని మమ్మల్ని అడిగినవారు లేరు. ముందుగా ఆ ప్రశ్న మీ అమ్మగారిని, నాన్నగారిని విడివిడిగా అడగండి. ఇద్దరి జవాబూ ఒకటే అయి ఉంటుందనుకోకండి.

ఒక నర్సు:

టీకా వల్ల జబ్బు ముదిరే ప్రమాదం బాగా తగ్గుతుంది, కాని అసలు సోకకుండా పూర్తిగా ఆపదు. మీ పాప వయసు పిల్లలకు ఇంకా టీకా లేదు. ఏ లక్షణమూ లేకుండానే వారి నుంచి పెద్దలకు అంటవచ్చు. పిల్లలను బడికి రమ్మని బలవంతపెట్టరాదని హైకోర్టు చెప్పింది కనుక, పండుగ దాకా పాపను మానిపించండి. అక్కడ కిటికీలు తెరిచి ఉంచండి. జలుబు, జ్వరం ఛాయ కనిపించినా ప్రయాణం మానుకోండి.

ఇక డబ్బా సంగతి. నిరుడు మేమూ పాల ప్యాకెట్లు కడిగినవాళ్లమే. కరోనా ముఖ్యంగా ఊపిరి ద్వారా, గాలి ద్వారా వ్యాపిస్తుందని, వస్తువుల వల్ల ముప్పు తక్కువని తరువాత తేలింది. ఆ ముక్క మీ అమ్మగారికి చెప్పారా?

బోడుప్పల్ కోడలు:

మాది దీనికి పూర్తిగా తిరగబడిన బాధ. రెండు గదుల ఇంట్లో అత్తగారు, మామగారు, మేము నలుగురము. నిరుడు సెప్టెంబరులో ప్రభుత్వ టీవీ చానెల్ టీశాట్‌లో బడి పాఠాలు మొదలైనప్పుడు ఉన్న ఒక్క టీవీ కోసం మా వాడికీ అత్తగారికీ రోజూ పేచీయే. నెల తిరిగేసరికి ఆవిడే వాడి పక్కన కూర్చొని ఎక్కాలు అప్పజెప్పించుకోసాగారు. నాతో మాత్రం పేచీ తగ్గలేదనుకోండి. ఫోనులో ఇవి తెగవు. వంటింట్లో పక్కన నిలబడి కూరగాయలు తరుగుతూ చెప్పండి.

కూకట్‌పల్లి అమ్మాయి (8 సెప్టెంబరు):

విడివిడిగా అడిగాను. నాన్నగారు భయపడుతున్నారట, ఆ మాట అమ్మకు కూడా చెప్పలేదట. అందుకని పాప రాత్రి ఉండదు, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తాము, పూజ వరండాలోనే చేస్తాము. అమ్మ కొంచెం గొణిగి ఒప్పుకున్నది. పాపను సోమవారం నుంచి బడికి పంపడం లేదు.

ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఏం పెట్టాలా అని చూస్తుంటే, పాప అపార్టుమెంటు వెనుక నుంచి గరిక కోసుకొచ్చి దాని నిండా కుక్కింది. మూత పడటం లేదు.