ఫోన్ మోగితే నెట్ పోతోంది: ల్యాండ్‌లైన్ బ్రాడ్‌బ్యాండ్ ఉంచుకోవాలా, ఫైబర్‌కి మారాలా? (తిరుపతి)

కోర్లగుంట ట్రావెల్స్:

అందరికీ నమస్కారం. తిరుపతి కోర్లగుంటలో మాకు చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. ఇంటి కింద గదిలోనే నడుపుతున్నాం. కాణిపాకం, శ్రీకాళహస్తి, శ్రీపురం గోల్డెన్ టెంపుల్‌కి కార్లు పంపుతాం. మా ఆయన కార్ల వెంట ఉంటారు, ఆఫీసు నేనే చూసుకుంటాను.

మా మామగారి కాలం నాటి ల్యాండ్‌లైన్ నంబరు మీదే మా వ్యాపారం నడుస్తోంది. ఏటా చెన్నై నుంచి, బెంగళూరు నుంచి వచ్చే పార్టీలు ఇప్పటికీ ఆ 0877 నంబరుకే చేస్తారు. వాళ్ల డైరీల్లో ఉన్నది అదే. ఆ లైన్ మీదే బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాం, ప్లాన్ 8 ఎంబీపీఎస్.

ఇప్పుడు వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఫోన్ మోగగానే మోడెంలో నెట్ లైన్ ఉందని చూపే డీఎస్ఎల్ లైటు ఆరిపోతుంది. మళ్లీ నిలకడగా వెలగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పార్టీ లైన్లో ఉండగానే దర్శనం స్లాట్లు చూసి చెప్పాలి కదా, సరిగ్గా అప్పుడే నెట్ ఉండదు. నెట్ ఉన్నప్పుడు కూడా ఏ ఫైలు దించుకున్నా సెకనుకు 180 కేబీ దాటదు. వాన పడితే ఫోన్‌లో గరగర. కంప్లైంట్ ఇస్తే "మా వైపు అంతా ఓకే" అంటున్నారు. మా వీధి స్తంభం మీద ఫైబర్ వైరు కనిపిస్తోంది. కానీ నంబరు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ఎంఆర్ పల్లి నుంచి:

అక్కా, ఆలోచించకుండా ఫైబర్ తీసుకోండి. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను, రోజంతా వీడియో కాల్సే. ఫోన్ లైన్ నెట్ ఉన్నప్పుడు నా మాట అవతలి వాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఫైబర్‌కి మారాక ఆ బాధ పోయింది. రాగి తీగ మీద ఎంత ఖర్చు పెట్టినా అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది.

పాత లైన్‌మ్యాన్, చిత్తూరు:

ఫోన్ మోగితే నెట్ పోతోందన్న ఒక్క ముక్కతోనే సగం తెలిసిపోయిందమ్మా. నేను టెలిఫోన్ లైన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. తిరుపతిలోనూ చేశాను, చిత్తూరులోనూ చేశాను. తమ్ముడు చెప్పింది తప్పని అనను, ఫైబర్ మంచిదే. కానీ మీ ఇంట్లో వైరింగ్ చూడకుండా లైన్ పనికిరాదని తేల్చెయ్యకండి. నేను చూసిన వాటిలో చాలా ఫాల్టులు గుమ్మం లోపలివే.

ఒకే జత రాగి తీగ మీద మాట, నెట్ రెండూ వస్తాయి. మనిషి మాటకి 4 కిలోహెర్ట్జ్ లోపు చాలు. ఏడీఎస్ఎల్, అంటే ఫోన్ తీగ మీదే నెట్ పంపే పద్ధతి, ఆ పైన 26 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 1.1 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది, దాని తర్వాతి రకం ఏడీఎస్ఎల్ 2 ప్లస్ అయితే 2.2 దాకా వెళుతుంది. ఈ రెండింటినీ విడగొట్టేదే స్ప్లిటర్, ఆ మూడు కన్నాల చిన్న తెల్ల డబ్బా. బయటి నుంచి వచ్చే వైరు లైన్ అన్న కన్నంలోకి, ఫోన్ ఫోన్ కన్నంలోకి, మోడెం మోడెం కన్నంలోకి వెళ్లాలి. చాలా ఇళ్లల్లో ఫోన్‌ని స్ప్లిటర్‌కి ముందే రోజెట్ (గోడకి ఉండే ఫోన్ వైరు పెట్టె) నుంచి కలిపేసి ఉంటారు. లేదా పైన బెడ్‌రూంలోకి ఎప్పుడో లాగిన ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంటుంది. దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

మామూలుగా లైన్లో 48 వోల్టుల డీసీ ఉంటుంది. ఫోన్ మోగేటప్పుడు దాని మీద ఇంకో 75 వోల్టుల ఏసీ వచ్చి కలుస్తుంది. ఫిల్టర్ లేని ఫోన్ ఒక్కటి ఉన్నా, ఎక్కడైనా జాయింటు వదులుగా ఉన్నా, ఆ దెబ్బకి మోడెం పట్టు తప్పిపోతుంది. (అందుకే చెబుతున్నా, జాయింట్లు చూసేటప్పుడు తీగను వట్టి చేత్తో పట్టుకోవద్దు. అదే క్షణంలో ఎవరైనా ఫోన్ చేశారంటే షాక్ కొడుతుంది.)

మీరు చెయ్యాల్సింది చెబుతాను. బయటి నుంచి లైన్ ఇంట్లోకి వచ్చే మొదటి రోజెట్ దగ్గరికి మోడెం తీసుకెళ్లండి. ఇంట్లో మిగతా ఫోన్లు, ఎక్స్‌టెన్షన్ వైర్లు అన్నీ పీకేసి మోడెం ఒక్కదాన్నే నేరుగా కలపండి. అరగంట అలాగే ఉంచండి. మధ్యలో సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి రింగ్ ఇవ్వండి. లైటు ఆరకపోతే తప్పు ఇంట్లోనే. ఆరితే బయట.

ఆ రోజెట్ మూత తీసి స్క్రూల దగ్గర చూడండి. రాగి ఎర్రగా మెరుస్తుండాలి. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ కొసను కత్తిరించి, కొత్తగా ఒలిచి, స్క్రూ గట్టిగా బిగించండి. మేడ మీద ఎండకీ వానకీ ఉన్న జాయింటుని టేపు చుట్టి వదిలేసి ఉంటారు, అది కూడా వెతకండి. టేపు లోపలికి నీళ్లు దిగితే ఆరడానికి దారి ఉండదు, లోపలే చిలుము పడుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో మాకు వచ్చే కంప్లైంట్లలో ఈ టేపు జాయింట్లవే ఎక్కువ. కపిలతీర్థం రోడ్డు వైపైతే కోతులు స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరు పట్టుకుని ఊగేవి, జాయింట్లు సాగిపోయేవి. కోర్లగుంటలో మీకు ఆ బెడద ఎంతో తెలియదు కానీ మేడ మీద వైరు ఒకసారి చూడండి.

తర్వాత కంప్యూటర్లో 192.168.1.1 కొట్టి మోడెం పేజీ తెరవండి. డీఎస్ఎల్ స్టేటస్ అని ఉంటుంది. అందులో అటెన్యుయేషన్ (దారిలో సిగ్నల్ ఎంత తగ్గిందో), ఎస్ఎన్ఆర్ మార్జిన్ (గోలని తట్టుకోవడానికి సిగ్నల్‌కి ఎంత మిగులు ఉందో), లైన్ రేటు (మోడెం అందుకున్న వేగం) మూడూ రాసుకుని ఇక్కడ పెట్టండి. నెట్ స్లో, లైన్ బాగా లేదు అనే మాటలకంటే ఆ మూడు అంకెలే నాకు ఎక్కువ చెబుతాయి.

కోర్లగుంట ట్రావెల్స్:

సార్, మీరు చెప్పినట్టే చేశాం. మీరన్న ఎక్స్‌టెన్షన్ నిజంగానే ఉంది! మా అత్తగారు పైన ఉండే రోజుల్లో లాగిన వైరు, బీరువా వెనక గోడకి వేలాడుతోంది. దాని చివర ఫోన్ కూడా లేదు.

ముందు చూసినప్పుడు అటెన్యుయేషన్ 41, ఎస్ఎన్ఆర్ మార్జిన్ 5, లైన్ రేటు 1900 కేబీపీఎస్. ఆ వైరు తీసేసి, రోజెట్‌లో కొసలు కత్తిరించి బిగించాక అటెన్యుయేషన్ 34, మార్జిన్ 11, రేటు 7900. మీరన్న పచ్చ చిలుము ఒక కొసన అచ్చంగా అలాగే ఉంది. ఇప్పుడు ఫోన్ మోగినా లైటు ఆరడం లేదు.

కానీ ఇంకో రెండు సందేహాలు. నిన్న సాయంత్రం కాస్త వాన పడగానే మళ్లీ గరగర వచ్చింది. ఇంకొకటి, కార్ల షెడ్డులో పెట్టిన కెమెరాని మా ఆయన ఫోన్‌లో చూస్తుంటే ఆఫీసులో పేజీలు తెరుచుకోవడం లేదు.

పాత లైన్‌మ్యాన్, చిత్తూరు:

చాలా సంతోషమమ్మా. చివర ఫోన్ లేదని ఆ వైరు ఊరికే ఉన్నట్టు కాదు. నెట్ సిగ్నల్ ఆ వైర్లోకీ పోయి, చివర గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి అసలు సిగ్నల్‌ని చెడగొడుతుంది. దాన్ని మళ్లీ కలపనివ్వకండి.

అటెన్యుయేషన్ 34 డెసిబెల్స్ అంటే కేబుల్ దారిలో మీరు ఎక్స్ఛేంజ్‌కి సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. రోడ్డు మీద అంత ఉండకపోవచ్చు, కేబుల్ పిల్లర్ (వీధిలో ఉండే కేబుళ్ల పెట్టె) మీదుగా చుట్టూ తిరిగి వస్తుంది. ఏడీఎస్ఎల్ 2 ప్లస్ 24 ఎంబీపీఎస్ అనేది ఎక్స్ఛేంజ్ పక్కనే ఉన్నవాళ్లకి చెప్పే మాట. మీ దూరానికి 8 హాయిగా వస్తుంది. ఐదు కిలోమీటర్లు దాటితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు, రాగి తీగ గుణమే అంత. మార్జిన్ 6 కన్నా తగ్గితే లైను ఊరికే తెగుతుంటుంది, 10 దాటితే నిలుస్తుంది. మీది 11, భయం లేదు.

8 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 8 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఫైలు దించేటప్పుడు సెకనుకు 1 ఎంబీ లోపే కనిపిస్తుంది, అది సరైన లెక్కే. ఇంతకుముందు మీకు వచ్చిన 180 కేబీ అంటే దాదాపు 1.4 ఎంబీపీఎస్. 2023లో కేంద్ర ప్రభుత్వం కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచనం మార్చింది. మళ్లీ ఎప్పుడైనా అంతకి పడిపోతే కంప్లైంట్‌లో ఆ సంగతి, మోడెం అంకెలు రెండూ రాయండి. "నెట్ స్లో" అని రాస్తే మోడెం ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని చెప్పి మూసేస్తారు.

వానకి గరగర అంటే బయటి జాయింటు. డయల్ టోన్ వచ్చాక ఒక అంకె నొక్కండి, టోన్ ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో గరగర వినిపిస్తే అది లైన్ ఫాల్టే. మోడెం, ఫోన్ రెండూ తీసి వేరే మంచి ఫోన్ పెట్టి కూడా వినండి. అప్పుడు లైన్‌మ్యాన్‌ని డీపీ బాక్సు (కేబుల్ నుంచి ఇళ్లకి వైర్లు విడిపోయే పెట్టె) దగ్గర జాయింటు కొత్తగా వెయ్యమనండి, అయినా పోకపోతే "పెయిర్ మార్చండి" అని అడగండి. కేబుల్లో ఖాళీ జతలు ఉంటాయి. చాలామంది ల్యాండ్‌లైన్లు తీసేశాక ఇప్పుడు ఇంకా ఎక్కువే ఉన్నాయి. పేరు పెట్టి అడిగితే పని తొందరగా అవుతుంది.

కెమెరా సంగతి వేరు. అక్కడ మాత్రం తమ్ముడి మాటే నిజం. ఏడీఎస్ఎల్ కట్టిందే వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ అన్న లెక్కతో. కెమెరా బొమ్మ బయటికి పోవాలి, ఉన్న అప్‌లోడ్ అంతా అదే తినేస్తుంది. మీరు ఒక పేజీ తెరవాలన్నా ముందు ఆ కోరిక బయటికి పోవాలి కదా, దానికి సందు ఉండదు. ప్రస్తుతానికి కెమెరా సెట్టింగుల్లో క్వాలిటీ తగ్గించండి. శాశ్వతంగా కావాలంటే ఫైబరే.

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:

మేడమ్, మాది జిరాక్స్, ఆన్‌లైన్ సర్వీసుల షాపు. పాత 08572 నంబరుతోనే ఫైబర్‌కి మారాం. నంబరు పోలేదు. ఫోన్ ఇప్పుడు గోడకి పెట్టిన ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ వచ్చి చేరే మోడెం) వెనక ఉన్న ఫోన్ కన్నంలోకి వెళుతుంది.

కానీ ఒక్క సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. పాత లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచి వచ్చేది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఫైబర్ అంటే గాజు పోగు, అందులో వెలుతురు వస్తుంది కానీ కరెంటు రాదు. మన షాపులో కరెంటు పోతే ఓఎన్‌టీ ఆగుతుంది, ఫోన్ కూడా ఆగుతుంది. మేము రౌటర్లకి అమ్మే చిన్న యూపీఎస్ పెట్టుకున్నాం. అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉందో లేదో, ఎన్ని ఆంపియర్లో చూసి కొనండి. మీకు ఇన్వర్టర్ ఉంటే ఓఎన్‌టీని దాని లైన్లో ఉన్న ప్లగ్గుకే పెట్టించుకోండి.

కోర్లగుంట ట్రావెల్స్:

ఇన్వర్టర్ ఉందండి, కానీ ఆఫీసు గదిలో ఫ్యాను, లైటుకే కలిపారు. ఎలక్ట్రీషియన్‌తో ప్లగ్గుకి కూడా లాగిస్తాం. లైన్‌మ్యాన్ సార్, ఫైబర్‌కి అప్లికేషన్ పెట్టేటప్పుడు నంబరు విషయంలో ఏం రాయాలి?

పాత లైన్‌మ్యాన్, చిత్తూరు:

ఎక్కడా సరెండర్ అన్న మాట రానివ్వకండి. పాతది సరెండర్ చేసి కొత్తది తీసుకుంటే నంబరు చేజారుతుంది. "ఉన్న ల్యాండ్‌లైన్‌ని అదే నంబరుతో ఫైబర్‌కి మార్చాలి" అని అప్లికేషన్లో రాయండి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. బిల్లు బాకీ లేకుండా చూసుకోండి. కనెక్షన్ మామగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పు చేయించుకోండి, లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఇంకో మాట. మీ సీజన్ రద్దీలో మార్పు పెట్టుకోవద్దు. బ్రహ్మోత్సవాలకి ముందు అసలే వద్దు. పాత లైన్ ఆపి కొత్తది మోగించే మధ్యలో కొంత సమయం ఫోన్ పలకకపోవచ్చు. పార్టీలు తక్కువగా ఉండే రోజు చూసి రమ్మనండి. ఫైబర్ బిగించినవాళ్లు వెళ్లేముందు సెల్ నుంచి ఆ నంబరుకి చేసి మోగించి చూపించమనండి. అంతదాకా రాగి లైనుని ఎవరినీ కదపనివ్వకండి.